పాప ఇంట్లో అరటిచెట్టు

అరటిచెట్టుకు చలి వేస్తుందని నాకు యాభై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా తెలీదు. తిరుపతిలో పుట్టి, తిరుపతిలోనే కాపురం చేసినదాన్ని. మాకు డిసెంబరు అంటే ధనుర్మాసం, తెల్లవారుజామున ముగ్గులు, చెవులకు ఒక మఫ్లరు. రాత్రి పద్దెనిమిది డిగ్రీలకు దిగితేనే "అబ్బ, ఏం చలి!" అనుకుంటాము. పెరట్లో అరటిచెట్లకు ఆ చలి ఒక లెక్కా? మొవ్వు నాలుగు రోజులు ఆలస్యంగా విచ్చుకుంటుంది, అంతే.

మా పెరటి అరటి మా ఆయన చేతిది. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాక, స్నానాల గది నీళ్ళు పోయే కాలవ పక్కన నాలుగు కర్పూర అరటి పిలకలు నాటారు. నాలుగు పిలకలు రెండేళ్ళలో గుంపు అయిపోయాయి. పండగకు ఆకులు, కూరకు దూట, వేపుడుకు పువ్వు, అన్నీ ఆ మూల నుంచే. మాను పట్టల్ని ఎండబెట్టి, నార తీసి, తడిపి, సన్నంగా చీల్చి నా పక్కన పెట్టి ఆయన పేపరు చదువుకునేవారు. నేను ఆ నారతో కనకాంబరాలు, మరువం కట్టేదాన్ని.

ఆయనకు ఇంకొక అలవాటు ఉండేది. కొత్త మొవ్వు బయటికి రాగానే, అది మాను నుంచి పైకి వచ్చేచోట సున్నంతో చిన్న బొట్టు పెట్టేవారు. మర్నాడు పొద్దున ఆ బొట్టు ఎంత పైకి పోయిందో వేళ్ళతో కొలిచేవారు. మా పాప సెలవులకు వచ్చినా, పళ్ళు తోముకుంటూనే నాన్నతో పోయి ఆ బొట్టు చూసి వచ్చేది.

2021 మే నెలలో ఆయన పోయారు. ఎట్లా అనేది ఇక్కడ రాయను. ఆ నెలలో చాలా ఇళ్ళలో జరిగిందే మా ఇంట్లోనూ జరిగింది. పాప అప్పటికి పెళ్ళయి అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో ఉంది. ఆ మే 4 నుంచి ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. వీసా మీద ఉద్యోగం చేసేవాళ్ళు ఇక్కడికి వస్తే మళ్ళీ ఎప్పుడు పోతారో తెలీదు. "రావద్దు పాపా" అని నేనే అన్నాను. ఆ మాట అన్నది నేనే కాబట్టి, తర్వాత దాని గురించి మేమిద్దరమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

పదకొండో రోజు పట్టుమని పదిమంది లేరు. అంగళ్ళు మూసి ఉన్నాయి. మా తమ్ముడు పెరట్లోకి పోయి ఆకులు కోసుకొచ్చాడు. పాప ఫోనులో చూస్తా ఉండింది. ఏడవలేదు.

"ఆ ఆకులు నాన్న చెట్టువేనా అమ్మా?" అని మాత్రం అడిగింది.

"అవును పాపా."

సరే అని ఫోను పెట్టేసింది.

ఆ జూన్‌లో అక్కడ ఒక మొక్కల అంగట్లో జానెడు అరటి మొక్క కొనింది. ఇక్కడి నుంచి పిలక తీసుకుపోవడం కుదరదు, మట్టీ వేరూ ఉన్న మొక్కల్ని విమానాశ్రయంలోనే ఆపేస్తారు. అందుకని అక్కడ టిష్యూ కల్చరు మొక్క తెచ్చుకుంది. పొట్టి కావెండిష్ రకం, మన పచ్చ అరటి కుటుంబంలోది. ఆ సంవత్సరం అక్టోబరులో ఫోను చేసి, "అమ్మా, చెట్టును లోపలికి తెచ్చేసినాము" అంటే నేను నవ్వాను. "చెట్టుకు స్వెటరు కూడా తొడగండి" అన్నాను. తనూ నవ్వింది. ఆ చెట్టు ఎందుకు కొనిందో నేను అడగలేదు, తను చెప్పలేదు.

వీసా పనులన్నీ కుదిరి నేను పిట్స్‌బర్గ్ చేరేసరికి 2023 నవంబరు. దిగిన మర్నాడు అల్లుడు ఫోనులో చూసి "బయట నలభై ఉంది అత్తయ్యా" అన్నాడు. నలభై అంటే నాకు మే నెల తిరుపతి గుర్తొచ్చి, పలచటి చీరతో గుమ్మం దాటాను. అక్కడి లెక్క ఫారెన్‌హీట్ అట. అంటే మన నాలుగు డిగ్రీలు. ఎంత వేగంగా లోపలికి వచ్చానో చెప్పలేను.

హాల్లో దక్షిణం కిటికీ దగ్గర చక్రాల పలక మీద కుండీ, అందులో నా భుజం ఎత్తు అరటిచెట్టు. సోఫా పక్కన అరటిచెట్టును చూస్తే నాకు పెళ్ళిపందిరిలో కూర్చున్నట్టు ఉండింది. పాప దాని కథంతా చెప్పింది. రాత్రుళ్ళు పద్నాలుగు డిగ్రీలకు దిగితే అరటి పెరగడం మానేస్తుందట. పది దాటి కిందికి పోతే ఆకు దెబ్బతింటుంది. మంచు పడిందంటే ఒక్క రాత్రికే ఆకులు ఉడకబెట్టినట్టు నల్లబడిపోతాయి. అందుకని అక్టోబరు మొదట్లోనే, ఆకుల ముందూ వెనకా సబ్బునీళ్ళతో తుడిచి, పురుగులు లేవని చూసుకుని లోపలికి తెస్తారు.

లోపలికి తెచ్చాక రెండు దారులు. ఒకటి, నిద్రపుచ్చడం. ఆకులన్నీ కోసేసి, గడ్డకట్టనంత చల్లగా ఉండే బేస్‌మెంటులో మొండెం మాదిరి నిలబెట్టి, నీళ్ళు దాదాపు ఆపేయడం. దుంప బతికుంటే చాలు, వసంతంలో మళ్ళీ చిగురిస్తుంది. రెండోది, మేలుకోబెట్టి ఉంచడం. వెలుతురు, వెచ్చదనం, కొంచెం తేమ ఇస్తూ నాలుగైదు నెలలు కాపాడుకోవడం. మొదటిది సులువు.

"మరి సులువైనది ఎందుకు చెయ్యవు?" అన్నాను.

"ఆకుల్లేకుండా చూడలేనమ్మా" అనింది.

ఇక నా సంగతి. వాళ్ళిద్దరూ ఆఫీసులకు పోతారు. సాయంత్రం ఐదింటికే చీకటి. పగలంతా నేనూ, ఆ చెట్టూ. నాకు చేతనైన పని నీళ్ళు పోయడం. పొద్దున బియ్యం కడిగిన నీళ్ళు సింకులో పారబోయడానికి చేతులు రాలేదు. ముప్పై ఏళ్ళ అలవాటు, అవి చెట్టు మొదట్లోనే పడాలి. పప్పు కడిగిన నీళ్ళూ అంతే. అక్కడ హీటరు గాలికి నా పెదవులే పగిలిపోతూ ఉండె, ఆకుల అంచులు గోధుమరంగులో ఎండిపోతూ ఉండె. పాపం దాహం అనుకుని ఇంకొక చెంబు పోసేదాన్ని. కింద పళ్ళెంలో నీళ్ళు నిలిచినా, తాగుతుందిలే అనుకున్నాను.

మూడు వారాలకు అడుగు ఆకు పసుపెక్కింది. ముదురాకు, పండితే పండిందిలే అనుకున్నాము. తర్వాత దాని పై ఆకు, ఆ వారంలోనే మూడోది. కాడలు వాలిపోయాయి. కుండీ చుట్టూ చిన్నచిన్న నల్లదోమలు లేస్తున్నాయి. ఒక రాత్రి నేను మంచినీళ్ళకు లేచి వచ్చేసరికి పాప నేల మీద కూర్చుని ఉంది, కుండీకి ఆనుకుని.

"నాన్నప్పుడు ఇక్కడ కూర్చుని ఏమీ చెయ్యలేకపోయినా. ఇది నా ఇంట్లో, నా కళ్ళముందర పోతా ఉంటే కూడా ఏం చెయ్యాలో తెలీడంలేదు" అనింది.

అప్పుడు తెలిసింది నాకు, అది హాల్లో అందానికి పెట్టుకున్న మొక్క కాదని. బియ్యం నీళ్ళ సంగతి అప్పుడే చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు. రెండు రోజులు దొంగ మాదిరి తిరిగాను ఆ ఇంట్లో.

మా తమ్ముడు రైల్వే కోడూరు దగ్గర అరటి, బొప్పాయి పండిస్తాడు. శనివారం వాడికి వీడియో కాల్ చేశాము. వాడు చెట్టును చూసి నవ్వలేదు, ఆసుపత్రిలో పెద్ద డాక్టరు మాదిరి ప్రశ్నలు మొదలుపెట్టాడు. ఆ ప్రశ్నల వరసే నాకు చాలా నచ్చింది. మన ఇళ్ళలో కుండీల్లో అరటి పెంచుకునే అందరికీ పనికొస్తుంది కాబట్టి రాస్తున్నాను.

"మొదట ముదురాకు పోతా ఉందా, లేతాకు పోతా ఉందా చెప్పు పాపా" అన్నాడు. అడుగున ఒక ఆకు పండితే అది వయసు. వరసగా రెండు మూడు పోతే ఏదో బాధ ఉన్నట్టు. లేతాకు తెల్లగా, కాడలు సాగి వస్తే వెలుతురు చాలనట్టు. ముదురాకుల కొసలూ అంచులూ నారింజ రంగుకు తిరిగి, లోపలికి ముడుచుకుని ఎండితే పొటాష్ తక్కువైనట్టు. పచ్చగా ఉన్న ఆకుకు అంచు మాత్రం గోధుమరంగులో గీత గీసినట్టు ఎండితే అది పొడి గాలి.

తర్వాత పెద్ద రోగాలు ఒక్కొక్కటి అడిగాడు. "ఆకు మీద సన్న పసుపు గీతలు లేసి, అవి గోధుమ మచ్చలై, నడుమ బూడిద రంగు వచ్చిందా?" లేదు. ఉంటే అది సిగటోక, తేమ ఎక్కువైన వానాకాలం తోటల్లో వచ్చేది. "కొత్తాకులు పొట్టిగా, సన్నగా, నిటారుగా గుత్తి కట్టినాయా? కాడ మీద ముదురుపచ్చ చుక్కలూ గీతలూ ఉండాయా?" లేవు. ఉంటే అది వెర్రి తెగులు, పేనుబంక మోసుకొచ్చే వైరసు, చెట్టును పీకెయ్యడం తప్ప మందు లేదు. "ఆకులు పసుపెక్కి, కాడ దగ్గర విరిగి లంగా మాదిరి మాను చుట్టూ వేలాడతా ఉండాయా?" వాలాయి గానీ విరగలేదు. అది పనామా తెగులు, మట్టిలో నుంచి వస్తుంది, మాను కోస్తే లోపల ఎర్రటి వలయాలు కనపడతాయి. "టిష్యూ కల్చరు మొక్క, అంగట్లో కొన్న కొత్త మట్టి, ఇంటి లోపల. నీకు ఆ భయం వద్దులే" అన్నాడు.

"ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టు." పాప తట్టింది. కాగితం మీద పిండి చల్లినట్టు చుక్కలు, అందులో కొన్ని కదులుతున్నాయి. ఎర్రనల్లి. పొడి గాలి దానికి పండగ. "అదీ ఉంది. కానీ మూడు ఆకులు పండబెట్టేది అది కాదు. మట్టిలో రెండు అంగుళాలు వేలు పెట్టి చూడు."

పాప వేలు పెట్టి తీసింది. బురద.

"నీళ్ళు ఎన్నిదినాలకు ఒకతూరి పోస్తా ఉండారు?"

"వారానికి ఒకసారి, అది కూడా కొంచెమే మామా" అనింది పాప.

వాడు ఏమీ మాట్లాడకుండా తెరలో నావైపు చూశాడు. మా అమ్మ కడుపున పుట్టినవాడు, వాడికి తెలీదా? "అక్కా, బియ్యం నీళ్ళు నువ్వేనా?" అన్నాడు.

"దినామూ పోసినాను" అన్నాను. అట్లా తలొంచుకుని ఒప్పుకున్నది చిన్నప్పుడు మామిడికాయ దొంగతనం తర్వాత అదే.

పాప నన్ను ఏమీ అనలేదు. అరిచి ఉంటే బాగుండేది.

వాడు చెప్పిందేమంటే, చెట్టు నీళ్ళు తాగేది ఆకుకు ఎండా గాలీ తగిలినప్పుడు. చలికాలం, కిటికీలో ఆ కొంచెం వెలుతురులో అది పెరగడమే మానేసి ఉంటుంది, ఇంక నీళ్ళు ఎట్లా తాగుతుంది? తాగని నీళ్ళు వేళ్ళకు గాలి ఆడకుండా చేస్తాయి, వేళ్ళు కుళ్ళుతాయి. కుళ్ళిన వేళ్ళతో నీళ్ళు లాగలేక ఆకులు వాడతాయి. వాడిన ఆకు చూసి మనం ఇంకొక చెంబు పోస్తాము. "దాహంతో వాడినా, మునిగి వాడినా ఆకు ఒకే మాదిరి కనపడతాదక్కా. మట్టిని అడగాల, ఆకును కాదు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం స్నానాల గదిలో పాత పేపర్లు పరిచి చెట్టును కుండీలోంచి తీశాము. పులిసిన వాసన. వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే పొట్టు జారిపోతున్నాయి. "దుంప నొక్కి చూడు" అని మా తమ్ముడు ముందే చెప్పాడు. మెత్తగా ఉంటే ఆశ లేదు, గట్టిగా ఉంటే బతుకుతుంది. పాప చెయ్యి వణికింది, నన్ను నొక్కమంది. నేను బొటనవేలితో చుట్టూ నొక్కుతూ వచ్చాను. ఒకపక్క రూపాయి బిళ్ళంత మెత్తదనం, తక్కిందంతా గట్టిగా ఉంది.

కుళ్ళిన వేళ్ళన్నీ కత్తిరించాము, ఆ మెత్తని ముక్క చెక్కేశాము, కత్తిని స్పిరిటుతో తుడుస్తూ. ఒక రాత్రంతా దుంపను ఆరనిచ్చాము. ఇంత పెద్ద కుండీ వద్దని, అడుగున చిల్లులున్న చిన్న కుండీలో, పెర్లైట్ కలిపిన పొడి మట్టిలో నాటాము. వేళ్ళు పోయిన చెట్టు అన్ని ఆకుల్ని మోయలేదు కాబట్టి పై రెండు ఆకులు ఉంచి మిగిలినవి కోసేశాము. ఎర్రనల్లికి ఆకుల వెనక తడిగుడ్డతో మూడు రోజులకొకసారి తుడిచాము. ఎరువు వసంతం దాకా వద్దన్నాడు. అల్లుడు పైన ఒక గ్రో లైటు కట్టి, రోజుకు పన్నెండు గంటలు వెలిగేటట్టు పెట్టాడు.

కోసిన ఆకుల్ని మడుస్తూ ఉన్నప్పుడు పాప అడిగింది. "నన్ను ఎందుకు రావద్దన్నావమ్మా?"

రెండున్నరేళ్ళ ప్రశ్న అది. నేను తయారుగా పెట్టుకున్న జవాబులు చాలా ఉన్నాయి. ఉద్యోగం, వీసా, విమానంలో జబ్బు అంటుకుంటుందని. అవన్నీ నిజమే. కానీ చివరికి నోటికి వచ్చింది వేరే. "నువ్వూ ఏమన్నా అయిపోతే నాకు ఎవరూ ఉండరని భయపడినా పాపా. నా కోసం అన్నాను. నీ కోసం కాదు."

అప్పుడు ఏడిచింది. మే నెలలో ఏడవాల్సిందంతా ఆ స్నానాల గదిలో, మట్టి చేతులతో. నేను ఊరుకో అనలేదు.

జనవరి అంతా చెట్టు కదల్లేదు. నాకు ఊరికే కూర్చోవడం రాదు. చెయ్యి చెంబు మీదికి పోతూ ఉంటుంది. పాప నా బాధ చూసి ఒక ఆదివారం ఫిప్స్ కన్సర్వేటరీకి తీసుకుపోయింది. 1893లో తెరిచిన గాజుల తోట అది. బయట మోకాలెత్తు మంచు, లోపల వేడి దేశాల చెట్లు, అద్దాల మీద ఆవిరి. అక్కడ తిరుగుతూ పాప చెప్పిన కథ ఒకటి నాకు భలే నచ్చింది. ఇంగ్లండులో డెవన్‌షైర్ డ్యూక్ అనే జమీందారు ఉండేవాడట, ఇంటిపేరు కావెండిష్. ఆయన తోటమాలి జోసెఫ్ పాక్స్‌టన్ 1830ల్లో చాట్స్‌వర్త్ భవనంలో వెచ్చటి గాజు ఇల్లు కట్టి, ఒక అరటి మొక్కను కంటికి రెప్పలా సాకి గెల వేయించాడు. యజమాని ఇంటిపేరే దానికి పెట్టాడు. ఈరోజు దేశదేశాలకు ఎగుమతయ్యే అరటిపండ్లు దాదాపు అన్నీ ఆ కావెండిష్ జాతివే, మన పులివెందుల తోటల్లో పెంచే గ్రాండ్ నైన్ కూడా. అంటే చలిదేశంలో అరటిని ఇంట్లో పెట్టుకుని సాకిన పిచ్చివాళ్ళలో పాప మొదటిది కాదన్నమాట.

పెన్ హిల్స్‌లో 1976లో కట్టిన వెంకటేశ్వరస్వామి గుడికి కూడా పోయాము. తిరుపతి నుంచి అంత దూరం పోయి మళ్ళీ ఆయన ముందే నిలబడి, ఒక కుండీలో మొక్క బతకాలని మొక్కుకున్నాను. నవ్వుతారేమో, నవ్వండి.

ఫిబ్రవరి ఆఖరులో ఒక పొద్దున నడుమ నుంచి పచ్చటి కొస కనపడినట్టు అనిపించింది. కళ్ళ భ్రమేమో అని ఎవరికీ చెప్పలేదు. పాప లేచి వచ్చి, చూసి, పెన్ను తెచ్చి మొవ్వు మొదట్లో చిన్న చుక్క పెట్టింది. సున్నం ఎక్కడ దొరుకుతుంది అక్కడ? మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటూనే వచ్చి చూసింది. చుక్క పావు అంగుళం పైకి పోయింది. నాకు చూపించలేదు, వేలు పెట్టి తనే కొలుచుకుని ఆఫీసుకు పోయింది. నేను వంటింట్లో నుంచి చూశాను.

ఏప్రిల్‌లో నేను తిరిగి వచ్చేసరికి మూడు కొత్తాకులు. ఇక్కడ మా పెరట్లో నీళ్ళు ఇంకిపోయే నేల, మండే ఎండ. ఎన్ని నీళ్ళు పోసినా తాగేస్తాయి. అయినా ఇప్పుడు బియ్యం గిన్నె పట్టుకుని పోయినప్పుడు వేలు మట్టిలో పెట్టి చూసే పోస్తున్నాను.

మేలో ఆయన తిథి వచ్చింది. మేము ఇక్కడ చేసుకున్నాము. రాత్రి పాప ఫోటో పంపింది. రాత్రుళ్ళు వెచ్చబడ్డాక చెట్టును బయటికి తెచ్చి, ఆకు మాడకుండా మొదట నీడలో, తర్వాత కొంచెం కొంచెం ఎండలో పెట్టారట. కొత్తాకుల్లో ఒకటి కోసి, నాన్న ఫోటో ముందు పరిచి, పాయసం, వడ, సంకటి, పుల్లగూర వడ్డించింది. తిథినాడు సంకటి ఏమిటని మా వదిన అనింది గానీ, ఆయనకు అదే ఇష్టం.

"కొస ఎడమవైపే పెట్టినా, చూడమ్మా" అని కింద రాసింది. "ఒక అంచు ఎండి ఉంది, ఏమన్నా జబ్బా?"

ఫోటో పెద్దది చేసి చూశాను. పచ్చటి ఆకు, ఒకపక్క అంచుకు మాత్రం సన్నటి గోధుమరంగు గీత.

"ఏం కాదు పాపా. చలికాలం గాలి. చెట్టు బాగుంది" అని రాశాను.